చీము కోసం మొక్కు

ఈ జిల్లాలో నాకంటే గట్టి కడుపున్నవాడు ఎవడైనా ఉంటే రమ్మనండి, పందెం కాస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు ప్రభుత్వాసుపత్రిలో డ్రెస్సరుగా చేశాను. డ్రెస్సరంటే బట్టలు కుట్టేవాడనుకుని మా మామగారు పెళ్లికి ముందు కొలతలిచ్చి నాలుగు జాకెట్టు గుడ్డలు పంపించాడు గానీ, నా పని అది కాదు. పుళ్లు కడిగి కట్లు కట్టడం. సెగగడ్డలు, గోరుచుట్లు, బోదకాళ్లు పగిలినవి, పడకలో పడి ఒరుసుకుపోయిన వీపులు, అన్నీ ఈ చేతులు చూశాయి.

ఒకసారి ఒక ఆసామి వీపు మీద కొబ్బరిబొండమంత గడ్డతో వచ్చాడు. నేను కత్తి మొన ఇలా ఆనించానో లేదో, ధార లేచి తిరుగుతున్న ఫ్యానుకి కొట్టింది. ఫ్యాను దాన్ని గదిలో ఉన్నవాళ్లందరికీ సమానంగా పంచింది. నర్సమ్మ కళ్లు తిరిగి పడింది. కాంపౌండరు గోడ దూకాడు. ఆసామి ఫ్యాను మీద తన గడ్డని తనే చూసుకుని వాడి వెనకాలే దూకాడు. నేను చేతులు కడుక్కుని, అదే బల్ల మీద క్యారేజీ విప్పి, అన్నం తిన్నాను. ఏమన్నం? పెరుగన్నం. నా జన్మలో అసహ్యంతో వాంతి చేసుకున్నది లేదు. రాసిపెట్టుకోండి.

నా పేరు వాసంశెట్టి భీమలింగం. ఊరి బడిలో ఐదో తరగతి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, పెదమొగ రేవులో రొయ్యల షెడ్డులో చేరాను. సముద్రపు రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచి, మంచు గడ్డల్లో పేర్చి పైదేశాలకి పంపే షెడ్డు అది. అరవై మంది ఆడవాళ్లు తెల్లటి టోపీలు పెట్టుకుని వరసగా నిలబడి ఒలుస్తూ ఉంటారు. షెడ్డు వెనకాల పొట్టు కుప్ప. దాని వాసన గురించి ఏమని చెప్పను! కాకులు కూడా గాలి వాటం చూసుకుని వాలేవి.

నా పని చేతులు చూడటం. రొయ్య తల మీద రంపంలాంటి కొమ్ముంటుంది. అది గోరు పక్కన గుచ్చుకుంటే మర్నాటికి గోరుచుట్టు. చీము కారే చేత్తో ఒలిచిన సరుకు పైదేశపు తనిఖీ వాళ్లు పట్టుకుంటే మొత్తం ఓడ తిప్పి పంపేస్తారట. అందుకని పొద్దున్నే ఏడింటికి ఆడవాళ్లు బారులు తీరి చేతులు చాపాలి. నేను ఒక్కొక్క వేలూ నొక్కి చూసి, పుస్తకంలో పేరు పక్కన ఒక మాట రాయాలి. వాపుంటే "వాపు". చీముంటే "చీము". రెండూ లేకపోతే "శుభ్రం". మొదటి రెండు మాటలు పడ్డవాళ్లు ఇంటికి పోవాలి. ఆ రోజుకి పని లేదు.

వేలికి నిమ్మకాయ తొడుక్కుని పడుకున్న వాసన, పసుపు మెత్తిన మరక, వాపు కనపడకుండా బిగించిన దారం, ఇలాంటి దొంగతనాలన్నీ నేను ఇట్టే పట్టేసేవాణ్ని. అందరికంటే ఎక్కువసార్లు దొరికిపోయేది మల్లాడి గంగరత్నం. ముప్పై ఐదేళ్ల మనిషి. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. ఎవరూ లేరు, ఎవరికీ భయపడదు. షెడ్డులో దానంత వేగంగా ఒలిచేవాళ్లు లేరు. కుడిచేతి బొటనవేలూ ఉంగరంవేలూ రెండూ కలిసి ఒక్క విసురు విసిరితే పొట్టు చొక్కా విప్పినట్టు ఊడొచ్చేది.

"ఏంటి తాతా, చెయ్యి చూత్తన్నావా, జాతకం చూత్తన్నావా?" అనేది.

"వాపుంది. ఇంటికి పో."

"నీ కళ్లకే వాపుంది. రోజూ పశువుల సంతలో దూడల్లాగా నిలబెట్టి నొక్కుతున్నారు, మాకేం చీమూ నెత్తురూ లేవనుకున్నారా?"

"ఉన్నాయనే కదే పంపించేస్తున్నాను!" అనేవాణ్ని. లైనంతా నవ్వేవాళ్లు. అది కూడా నవ్వి, చేత్తో నా పుస్తకం మీద ఒక్కటేసి పోయేది.

షెడ్డు మేనేజరు బులిరాజు గారికి మాత్రం ఈ హాస్యం పట్టేది కాదు. పాపం, ఆయనకి చీము అంటే ఎలర్జీ. ఆ మాట చెవిన పడితేనే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. పుస్తకంలో "చీము" అన్న మాటని కూడా రెండు వేళ్లతో పేజీ అంచు పట్టుకుని చూసేవాడు.

ఇంతవరకూ రొయ్యల కథ. ఇప్పుడు సైన్సు.

షెడ్డుని ఆనుకుని ఒక ప్రయోగశాల ఉండేది. కంపెనీదే. రొయ్య పొట్టుని పారేయకుండా దాన్నుంచి మందులకి పనికొచ్చే పదార్థం తీద్దామని పెట్టారు. దాన్ని నడిపేది డాక్టర్ హైమ. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ వర్షంలో తడవబోతున్నదానిలా భుజాలు దగ్గరికి పెట్టుకుని నడిచేది. తల్లి సుభద్రమ్మ గారు కూడా అక్కడే, కిటికీ పక్కన కుర్చీలో. ఆవిడకి కీళ్లవాతం. మోకాళ్లు తాటిపళ్లలా ఉబ్బి, ముట్టుకుంటే కాలేవి. కూతురు పరిశోధనంతా ఆ మోకాళ్ల గురించే.

ఒకరోజు డాక్టరమ్మ నన్ను పిలిచింది. "లింగం గారూ, మీరు పుళ్లు కడిగిన మనిషి. ఒకటి చూపిస్తాను రండి."

సూక్ష్మదర్శిని కింద గాజుపలక మీద చిన్న తోకకప్ప, అంటే ఇంకా తోక ఊడని కప్పపిల్ల. ప్రాణంతోనే ఉంది. దాని తోక పల్చటి పాలిథిన్ కాగితంలా ఉంటుంది, లోపలి నెత్తుటి దారులన్నీ కనపడతాయి. కన్ను పెట్టాను. ఎర్రటి కణాలు బిలబిలమని పరిగెడుతున్నాయి, తీర్థానికెళ్లే జనంలా. వాటి మధ్య, ఆ దారి గోడ వారగా, తెల్లటి ముద్దలు నింపాదిగా దొర్లుకుంటూ పోతున్నాయి.

"అవి తెల్ల రక్తకణాలు," అందావిడ.

"తెల్లోళ్లా? వాళ్లని అప్పుడెప్పుడో పంపించేశాం కదండీ!"

ఆవిడ నవ్వలేదు. పొట్టుకుప్ప నీళ్లలో ముంచిన సన్నటి సూదితో తోక మీద చిన్న పోటు పొడిచింది. "ఇప్పుడు చూడండి."

కాసేపట్లో ఆ పోటు దగ్గరికొచ్చేసరికి తెల్ల ముద్దలు నెమ్మదించాయి. ఒకటి గోడకి అంటుకుని ఆగింది. చపాతీలా పరుచుకుంది. గోడలో లేని సందులోంచి, తలుపు కింద దూరే పిల్లిలా, సాగి సాగి బయటపడింది. దాని వెనక ఇంకోటి. పది. వంద. పోటు దగ్గర తోక ఉబ్బింది. బయటపడ్డవి సూదితో దిగిన కంటికానని పురుగుల్ని మింగుతున్నాయి, మింగి మింగి పగిలి చస్తున్నాయి. అక్కడ తెల్లటి గుజ్జు పేరుకుంది.

"అదే చీము," అంది డాక్టరమ్మ. "మీరు ముప్పై ఎనిమిదేళ్లు గుడ్డతో తుడిచి బకెట్లో వేసింది వాళ్ల శవాల్ని, లింగం గారూ."

ఆ మధ్యాహ్నం పెరుగన్నం సగమే తిన్నాను.

తర్వాత ఇంకో తోకకప్ప. దీనికి పొట్టునుంచి తీసిన మందు ముందే ఎక్కించిందట. పోటు పొడిచింది. తెల్ల ముద్దలు వచ్చాయి, గోడ పక్కనుంచి దొర్లాయి, వెళ్లిపోయాయి. ఒక్కటీ ఆగలేదు. "గోడకి కొక్కేలుంటాయి. అవి వాటిని పట్టుకుంటేనే అవి ఆగేది. ఈ మందు కొక్కేలని మూసేస్తుంది. ఆగకపోతే బయటికి రాలేవు. రాకపోతే వాపుండదు, ఎరుపుండదు, నొప్పుండదు." కిటికీ వైపు చూసింది. "మా అమ్మ మోకాళ్లలో ఏ పురుగూ లేదు. అయినా పని లేని వాళ్లలా వెళ్లి ఇల్లు తగలబెడుతున్నాయి."

"మరి నిజంగా పురుగుంటేనో?" అన్నాను.

"దానికి మాత్రలున్నాయి కదండీ," అందావిడ.

ఆ మందే తల్లికి నెలకొక సూది. రెండో సూదికి సుభద్రమ్మ గారు కుర్చీలోంచి లేచారు. మూడో సూదికి షెడ్డు దాకా నడిచొచ్చి, "రొయ్యలెంత కంపు కొడతాయో మర్చేపోయాను లింగం!" అని సంబరపడ్డారు. ఆ కంపుని ఆవిడ పూలదండ వాసనలా పీల్చుకోవడం చూసి నాకే కళ్లు చెమర్చాయి.

అది బులిరాజు గారు కూడా చూశాడు. వాపు పోయే సూదంటే, గోరుచుట్టుకీ పోతుందిగా! కంపెనీ పెద్దలతో మాట్లాడాడు, వాళ్లు డాక్టరమ్మతో మాట్లాడారు. మందుని మనుషుల మీద చూడాలంటే మనుషులు కావాలి, ఇక్కడ అరవై మంది ఉన్నారు. ఆవిడ రెండు రోజులు ఒద్దంది. మూడో రోజు సరేనంది.

ఆడవాళ్లు ఎగిరి గంతేశారు. నెలకి పది రోజులు ఇంటికి పోవాల్సొచ్చే వాళ్లు కదా! ఒక్క గంగరత్నమే అడిగింది. "డాక్టరమ్మా, నువ్వేసుకున్నావా?"

"లేదు. పోల్చి చూడటానికి వేసుకోనివాళ్లు ఒకరు ఉండాలి."

"ఆ ఒకరూ నువ్వేనన్నమాట," అని గంగరత్నం చెయ్యి చాపింది.

ఇక చూడండి వైభవం! నెల తిరక్కుండా షెడ్డులో ఒక్క వేలూ వాయలేదు. కొమ్ము గుచ్చుకున్నా, కత్తి తెగినా, ఎర్రదనం లేదు, సలుపు లేదు. నా పుస్తకంలో పైనుంచి కిందదాకా శుభ్రం, శుభ్రం, శుభ్రం. రాసి రాసి విసుగొచ్చి ఒక్కోరోజు మొదటి పేరు పక్కన రాసి కిందికి గీతలు గీసేవాణ్ని. బులిరాజు గారు జేబురుమాలు తీసి నిజంగానే జేబులో పెట్టుకున్నాడు. "చేతులు చూడవయ్యా లింగం, అరటిపళ్లలా ఎంత ముద్దొస్తున్నాయో!" అనేవాడు. అరటిపండుకి లోపల కుళ్లినా పైన నిగనిగలాడే గుణముందని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. డ్రెస్సరుకి పుండు మాట్లాడే భాష చీము. పచ్చటిదైతే ఒకటి, చిక్కటిదైతే ఒకటి, నీళ్లలా కారితే ఇంకోటి. అది మాట్లాడకపోతే పుండు మానినట్టే లెక్క. అదే నాకు తెలిసిన విద్య, అదే నేను నమ్మాను.

గంగరత్నం ఉంగరంవేలికి కొమ్ము దిగింది. మర్నాడు చూశాను. గోరు పక్కన సిరా చుక్కంత నల్లటి మచ్చ. నొక్కాను.

"నొప్పా?"

"లేదు తాతా."

వాపు లేదు. చీము లేదు. శుభ్రం.

నాలుగో రోజుకి మచ్చ కందిగింజంత. ఆరో రోజుకి చింతపిక్కంత. "మాత్రలేసుకుంటున్నావా?" అంటే, "నొప్పే లేదు, మాత్రెందుకు?" అంది. నిజమే కదా అనుకున్నాను. శుభ్రం. తొమ్మిదో రోజున లైన్లో నిలబడి ముక్కు ఎగబీల్చింది. "తాతా, నా దగ్గర ఏదో కంపొత్తంది."

"రొయ్యల షెడ్డులో కంపు రాక సంపెంగ వాసనొస్తుందా? నడువు."

అది నవ్వింది. నేనూ నవ్వాను. శుభ్రం అని రాశాను.

పదకొండో రోజు పొద్దున చేతికి వేసుకున్న రబ్బరు తొడుగు తీయమన్నాను. తీసింది. తొడుగుతో పాటు వేలి తోలు కూడా వచ్చేసింది. ఉడికిన వేరుశనక్కాయ పైపొరలా, అచ్చం అది రొయ్యల్ని ఒలిచినట్టే, గోరుతో సహా. లోపల బూడిదరంగు. నెత్తురు లేదు. చీము లేదు. ఒక్క చుక్క లేదు. పక్కవేలు కూడా కణుపు దాకా నల్లబడింది. గంగరత్నం దాన్ని వేరే ఎవరిదో వేలన్నట్టు చూస్తోంది. నొప్పి లేదు కదా! తోలు వేళ్లాడుతున్న తొడుగుని నా చేతికిచ్చి, "తాతా, ఇదేంటిది?" అంది.

నేను మొదట్లో ఒక మాట రాసిపెట్టుకోమన్నాను. కొట్టేయండి. పక్కనే ప్యాకింగుకి సిద్ధంగా ఉన్న రొయ్యల ట్రే మీదికి వంగి, పొద్దున తిన్న ఇడ్లీలు, అంతకుముందు రోజువి, బహుశా ముప్పై ఎనిమిదేళ్ల పెరుగన్నమూ అంతా కక్కేశాను.

"అది ఎగుమతి సరుకయ్యా!" అని బులిరాజు గారు గావుకేక పెట్టాడు.

"ఇప్పుడు కాదు లెండి," అన్నాను మూతి తుడుచుకుంటూ.

చీము వాసన నాకు తెలుసు. అది బతికున్న ఒంటి వాసన, గొడవ పడుతున్న వాసన. ఇది అది కాదు. రేవులో పొట్టుకుప్ప వాసన. బతికున్న మనిషి చేతినుంచి ఆ వాసన! ఇంతా చేసి నాకు ఎక్కువ అసహ్యం వేసింది ఆ వేలిని చూసి కాదు, పుస్తకంలో నా దస్తూరీని చూసి. పది రోజులు, గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు.

డాక్టరమ్మ నెత్తురు తీసి చూసింది. తెల్లకణాలు మామూలుగా పదివేల లోపు ఉండేచోట ఎనభైవేలున్నాయి. ఆవిడ సూక్ష్మదర్శిని ముందునుంచి లేవలేదు చాలాసేపు. "కబురు అందింది. ఒళ్లు ఉన్నవాళ్లందర్నీ పంపించింది," అంది చివరికి. "వీధంతా నిండిపోయారు. తలుపు తీసేవాళ్లు లేరు."

మందు ఒంట్లోంచి పోవాలంటే ఇంకా మూడు వారాలు. నలుపు మణికట్టుకి చేరడానికి మూడు రోజులు.

టౌను ఆసుపత్రి సర్జను గారు రెండు వేళ్లూ వెంటనే తీసేయాలన్నాడు. అవసరమైతే మోచేయి దాకా. "కానీ ఏం లాభం? కోసిన చోటు కూడా గాయమే. దానికి కాపలా ఎవరు? మాత్రలూ సెలైన్లూ కొంతవరకే. సూది వేసుకోని మనిషి తెల్లకణాలు ఎక్కించాలి."

"ఈమె ఒంట్లో అవి మాత్రం బయటికి వస్తాయాండీ?" అన్నాను.

దానికి డాక్టరమ్మ జవాబు చెప్పింది. మందు రెండు చోట్ల పట్టుకుంటుందట, గోడ కొక్కేన్నీ, కణం మీదున్న గుండీనీ. గోడ కొక్కేలు పాతవి రాలి కొత్తవి రెండు రోజులకోసారి మొలుస్తాయి. మందు ఎముక మూలుగలో పేరుకుంది గనక ఈమె కణాల గుండీలు మాత్రం పుట్టుకతోనే మూసుకుపోయి వస్తాయి. కొత్త గుండీలున్న కణాలు కావాలి. వాటి ఆయుష్షు ఒక్క రోజు. రోజుకో సంచి చొప్పున ఎక్కించాలి.

షెడ్డులో ఆడవాళ్లందరూ సూది వేసుకున్నవాళ్లే. "నావి సరిపోతాయి. గ్రూపు కూడా ఒకటే," అంది డాక్టరమ్మ.

మంచం మీద గంగరత్నం తల తిప్పింది. "ఆవిడవా? ఛీ!" అని పక్కకి ఉమ్మింది. "ఆవిడ చేతి మంచినీళ్లు కూడా తాగను. మమ్మల్ని తోకకప్పల్ని చేసింది. చత్తే నా నెత్తురుతోనే చత్తాను."

డాక్టరమ్మ భుజాలు ఇంకొంచెం దగ్గరికి పెట్టుకుని వరండాలోకి వెళ్లింది.

"పోనీ నావి?" అన్నాను.

"నీవా?" నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "శుభ్రం శుభ్రమని రాసి ఇక్కడిదాకా తెచ్చినోడివి నువ్వే కదా."

"నేనే."

"సర్లే. నీది పర్లేదు. నువ్వు గుడ్డోడివి. ఆవిడకి కళ్లున్నాయి."

ఆ మధ్యాహ్నమే నన్ను యంత్రం పక్కన పడుకోబెట్టారు. ఒక చేతినుంచి నెత్తురు తీసి, గిరగిరా తిప్పి, తెల్లకణాల్ని పట్టుకుని, ఎర్రదాన్ని రెండో చేతికి తిరిగి పంపించే యంత్రం. మూడు గంటలు. "తాతగారూ, తల తిరుగుతోందా?" అని నర్సమ్మ అడిగితే, "తిరుగుతోంది యంత్రానికమ్మా, దానికి పట్టుకో మంచినీళ్లు," అన్నాను. సంచిలోకి దిగింది చూస్తే, మజ్జిగలో కారం కలిపినట్టుంది. అసహ్యంగా ఉంది. అంత అందమైన అసహ్యం నేనెప్పుడూ చూడలేదు.

వేళ్లు రెండూ తీసేశారు. సంచి ఎక్కించారు. రెండో రోజు రెండో సంచి.

కట్టు విప్పితే కోసిన చోటు పొడిగా, తెల్లగా, మైనపుబొమ్మ చేతిలా ఉంది. వాపు లేదు. షెడ్డు ఆడవాళ్లు పది మంది వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దామె కొంగు చాపి, "నూకాలమ్మ తల్లీ! మా గంగరత్నానికి చీము పట్టించమ్మా! ఒళ్లు కాలిపోయేలా జ్వరమియ్యి తల్లీ! నీకు పుంజుని కోత్తాం!" అని పైకే మొక్కుకుంది. దారిన పోయే రోగులు ఆవిణ్ని చూసి, ఏ శత్రువుకో శాపం పెడుతోందనుకుని తప్పుకుని నడిచారు. నేనూ దండం పెట్టాను. ముప్పై ఎనిమిదేళ్లు చీము కడిగిన వాణ్ని, అది రావాలని దేవతని అడిగాను.

మూడో సంచి ఎక్కించిన మర్నాడు పొద్దున, పది గంటలకి, గది లోపల్నుంచి బూతు వినపడింది. పచ్చి బూతు. ఎవరి తల్లిని తిట్టిందో నేను రాయకూడదు. పరిగెత్తాం.

"నొప్పి తాతోయ్! చెయ్యి కాలిపోతంది! ఎవడ్రా కట్టు ఇంత బిగించాడు!"

కట్టు బిగించలేదు. చెయ్యి వాచింది. మణికట్టు దాకా ఎర్రగా, మిసమిసలాడుతూ, ముట్టుకుంటే కాలేటట్టు. గుడ్డ మీద పసుపుపచ్చటి మరక. నేను మెల్లిగా విప్పాను. కుట్ల సందునుంచి చిక్కగా, మీగడలా, కంపు కొడుతూ ఉబికింది. నర్సమ్మ ముక్కు మూసుకుంది. పలకరింపుకని వచ్చిన బులిరాజు గారు ఆ మరకని చూసి, వచ్చిన దారినే జేబురుమాలుతో సహా మాయమయ్యాడు. ఆడవాళ్లు ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తున్నారు, పక్క వార్డువాళ్లు ఎవరో పోయారనుకుని వచ్చారు.

"ఎందుకేడుత్తన్నారు?" అంది గంగరత్నం కళ్లనీళ్లతో. "నొప్పి నాకా, మీకా?"

"చీము పట్టిందే!" అన్నాను. "చీము!"

అది తన చేతిని చూసుకుంది. మొహం అసహ్యంగా పెట్టింది. తర్వాత నా వైపు చూసి, "రాసుకో మరి నీ పుత్తకంలో," అంది.

గంగరత్నం బతికింది. చెయ్యి మిగిలింది, రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు రొయ్యలు ఒలవదు, రేవులో చేపలు వేలం పాడుతుంది. ఆ మూడు వేళ్ల చెయ్యెత్తితే సంతంతా గప్‌చిప్. మిగిలిన యాభై తొమ్మిది మందికీ మందు దిగిపోయేదాకా రోజుకి మూడుసార్లు చేతులు చూశాను, ఈసారి సిరా చుక్కల కోసం. ఇద్దరికి కనపడింది, అప్పటికప్పుడు మాత్రలూ సూదులూ పడ్డాయి, గట్టెక్కారు. కంపెనీ షెడ్డుకి సున్నం కొట్టించి, ఇంకో పేరు పెట్టి, ఇంకో మేనేజరుని తెచ్చింది. ఆ పేరు తల్చుకుంటే నోట్లో చేదు నీళ్లూరుతాయి గనక రాయను.

డాక్టరమ్మ మందు సీసాలన్నీ లెక్కపెట్టి, సీలు వేసి, జరిగిందంతా తనే రాసి పైవాళ్లకి పంపించింది. తల్లికి కూడా సూది ఆపేసింది. ఆవిడకొక్కదానికైనా వేయొచ్చు కదా అన్నాను. "ఆవిడ కాలికి ముల్లు గుచ్చుకుంటే నాకెలా తెలుస్తుంది లింగం గారూ?" అంది. రెండు నెలల్లో మోకాళ్లు మళ్లీ వాచాయి. సుభద్రమ్మ గారు కిటికీ పక్క కుర్చీలోకి వెళ్లిపోయారు. నేను చూడబోతే, "షెడ్డు దాకా నడిచాను కదా, చాలు లింగం," అన్నారు. ఆ మాటకి కూతురు గదిలోంచి లేచి వెళ్లిపోయింది.

కథ అయిపోయింది. కథలన్నాక కాస్త కల్పన ఉంటుంది, ఏది కల్పనో చెప్పేస్తే నాకూ బరువు దిగుతుంది. ఫ్యాను సంగతి అనుకుంటున్నారా? ఫ్యాను నిజం. కాంపౌండరు దూకిన గోడ ఇప్పటికీ ఉంది.

యంత్రం పక్కన పడుకున్నది నేను కాదు. అది కల్పన. వెళ్లాను, చొక్కా చెయ్యి పైకి మడిచాను, నర్సమ్మ వయసడిగింది. డెబ్బై ఒకటన్నాను. "లేచి ఇంటికి పోండి తాతగారూ," అంది. మూడు సంచులూ డాక్టర్ హైమవి. మూడో రోజు ఆవిడ వరండాలో కళ్లు తిరిగి పడితే నేనే లేపాను. ఆ సంచుల మీద నా పేరున్నట్టు గంగరత్నానికి చెప్పింది కూడా నేనే. వద్దన్న మనిషి ఒంట్లోకి వద్దన్నదాన్నే ఎక్కించాం, నేనూ, డాక్టరమ్మా కలిసి. ఇంకోసారైనా అదే చేస్తాను. అయినా తల్చుకున్నప్పుడల్లా నా మీద నాకే కంపు కొడుతుంది.

గంగరత్నం ప్రతి బుధవారం ఒక చేప తెచ్చి ఇస్తుంది. "నీ నెత్తురు తాగి బతికాను తాతా, తిను," అంటుంది. తింటున్నాను.

దానికి ఈ మధ్య చదువు మీద గాలి మళ్లింది. వేలంపాటలో కాగితాలు చదవాలి కదా! అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది, పెద్ద మాటొస్తే ఆగి దాన్ని తిట్టి ముందుకెళుతుంది. "నా గురించి రాశావటగా, ఇయ్యి," అని అడిగితే అప్పటికి రాసిన ఆరు పేజీలూ ఇచ్చేశాను, చివరిదీ రాసి ఇస్తానన్నాను. మొన్న బుధవారం చేపతో పాటు వచ్చి, మొదటి పేజీ అయిపోయిందని చెప్పింది.

ఇది ఏడో పేజీ.